ఊరేగింపు జీపుకు ఎన్ని గుర్రాలు?

పెద్దాపురంలో తాతాజీ అని ఒకాయన ఉండేవాడు. బండి నడపడంలో మొనగాడే గానీ, తన బండి కంటే బలమైన బండి ఊళ్లోకి వచ్చిందని వింటే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

తాతాజీకి టాపు లేని పసుపుపచ్చ జీపు ఒకటి ఉండేది. అబ్బ, ఏం జీపు అనుకున్నారు! ఊళ్లో పెళ్లికొడుకు ఊరేగాలంటే ఆ జీపే. కబడ్డీలో కప్పు గెలిచిన కుర్రాళ్లను తిప్పాలన్నా ఆ జీపే. వెనకాల పెద్ద కుర్చీ బిగించి, బంతిపూల దండలు చుట్టి, ముందు సన్నాయి సింహాద్రి తన మేళంతో నడుస్తుంటే, ఆ వెనకాల జీపు కొత్త పెళ్లికూతురిలా ఒద్దికగా వచ్చేది. మొదటి గేరులో వేసి కాళ్లు రెండూ తీసేసినా సరే, అది ఆగదు, ఉరకదు. మనిషి నడిచినట్టే నడుస్తుంది. చూసినవాళ్లు, "తాతాజీ జీపుకు తాళం తెలుసురా!" అనేవారు.

ఒకరోజు సామర్లకోట నుంచి పెళ్లివారు కారొకటి తెచ్చారు. దాని డ్రైవరు టీ కొట్టు దగ్గర నిలబడి, "నాది నూట ఇరవై గుర్రాల బలం. నీ జీపు ఎంత బాబాయ్?" అని అడిగాడు.

ఇంజను బలాన్ని గుర్రాలతో లెక్కపెడతారు కదా. ఆ లెక్క ఎవరు మొదలుపెట్టారో, ఏ గుర్రాన్ని చూసి పెట్టారో నేను చెప్పలేను గానీ, గుర్రాలు ఎక్కువుంటే బలం ఎక్కువ. అంతవరకు తెలిస్తే ఈ కథకు చాలు.

"అరవై," అన్నాడు తాతాజీ.

"అరవయ్యా! అందులో ముసలివెన్ని?" అన్నాడు ఆ డ్రైవరు.

టీ కొట్టంతా గొల్లుమంది. తాతాజీ టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"ఏమైందండీ?" అంది భార్య సత్యవేణి.

"జీపుకు పెద్ద ఇంజను వేయిస్తాను."

"ఇప్పుడున్న దానికేం రోగం?"

"అరవై గుర్రాలేనే!"

"ఊరేగింపు బండికి ఇంకెన్ని కావాలండీ? పెళ్లికొడుకును ఎత్తుకుపోతారా ఏం?" అంది సత్యవేణి.

తాతాజీకి ఆ మాట చెవికెక్కలేదు. మర్నాడే కాకినాడలో జిలానీ షెడ్డుకు జీపును తోలుకెళ్లాడు. జిలానీ మంచి పనివాడే. కాకపోతే ఇంజను ఎంత పెద్దదైతే ఆయన నవ్వు అంత పెద్దదయ్యేది. "అన్నా! నూట నలభై గుర్రాలది ఒకటుంది. దాని గేరుపెట్టెతో సహా దింపేస్తాను. ఎవడొచ్చినా బోనెట్ ఎత్తి చూపించు. మళ్లీ నోరెత్తడు!" అన్నాడు.

ఇంజను మారింది, కాగితాలు మారాయి. నిజం చెప్పాలి, అది మహా గొప్ప ఇంజను. తాళం తిప్పితే గుర్రుమని లేచేది. టీ కొట్టు ముందు ఆపితే బల్ల మీద గాజు గ్లాసులు గలగలమనేవి. రాజమండ్రి రోడ్డు మీద తొక్కితే చెట్లు వెనక్కి పారిపోయేవి. తాతాజీ రోజుకు నాలుగుసార్లు బోనెట్ ఎత్తి అందరికీ చూపించేవాడు. ఆయనకు మళ్లీ అన్నం సయించింది.

అప్పుడే వరహాలమ్మ టీచరు రిటైరయ్యే రోజు వచ్చింది. ఆవిడ ఆ ఊరి బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించిన టీచరు. ఊళ్లో బట్టల కొట్టు నూకరాజు, పోలీసు కానిస్టేబులు గోవిందు, మన తాతాజీ, అందరూ ఆవిడ దగ్గర పలక పట్టినవాళ్లే. టీచరును బడి నుంచి ఇంటిదాకా మేళతాళాలతో ఊరేగించాలని వాళ్లంతా అనుకున్నారు.

టీచరు ఒప్పుకోలేదు. ఆ ఏడాదే ఆవిడ జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. కర్ర సాయంతో నడుస్తోంది. కుదుపులు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"వద్దురా తాతాజీ. పక్కసందుల్లోంచి రిక్షాలో మెల్లిగా పోతాను," అంది టీచరు.

"రిక్షాలోనా! మీరా! పాలగిన్నె పట్టుకెళ్లినట్టు తీసుకెళ్తానండీ. చుక్క తొణికితే నా పేరు తాతాజీ కాదు," అన్నాడు తాతాజీ.

శిష్యుడి మాట నమ్మి ఆవిడ సరేనంది.

ఆ సాయంత్రం బడి ముందు జనం నేల ఈనినట్టున్నారు. టీచరును నలుగురూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. నడుముకు దిండు, కాళ్ల కింద పీట. సింహాద్రి సన్నాయి ఎత్తుకుని కదిలాడు. తాతాజీ మొదటి గేరు వేసి కాలు తీశాడు.

జీపు ఉరికింది.

కొత్త ఇంజనుకు కొత్త గేరుపెట్టె కదా. దాని మొదటి గేరంటే మన పరుగు. అంతకంటే నెమ్మదిగా పోవడం దానికి రాదు. రోడ్డు మీద ఉరికించడమే గానీ, తాతాజీ దాన్ని మేళం వెనకాల నడిపి చూసింది లేదు. తాతాజీ గభాలున బ్రేకు తొక్కాడు. కుర్చీ ముందుకు ఊగింది. టీచరు ఇనుప కడ్డీ పట్టుకుంది. మళ్లీ వదిలాడు, మళ్లీ ఉరికింది. డోలు వాయించేవాడి పిక్కలకు బంపరు తగలబోయింది. వాడు డోలుతో సహా ఎగిరి పక్కకు గెంతాడు.

"ఒరే తాతాజీ! నేను ఆనందభైరవి ఎత్తుకున్నానురా, నువ్వు పరుగుపందెం పెట్టావు!" అని సింహాద్రి వెనక్కి తిరిగి అరిచాడు.

"నేను ఆపుతూనే ఉన్నా బాబాయ్, నువ్వు కాస్త గబగబా నడువు!"

"సన్నాయి ఊదాలా, పరిగెత్తాలా? ఉన్నది ఒక్క ఊపిరేరా నాకు!"

జనం మొదట నవ్వారు. తర్వాత పరిగెత్తారు. మేళం ముందు పరుగు, వెనకాల జీపు, ఆ వెనకాల శిష్యులు పరుగు. ఆడవాళ్లు హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి టీచరుగారి వీపే కనబడేది. "ఇదేం ఊరేగింపమ్మా, ఎత్తుకుపోతున్నట్టుంది!" అని ఒకావిడ బుగ్గ నొక్కుకుంది. పూలు చల్లినవాళ్ల పూలన్నీ రోడ్డు మీదే పడ్డాయి.

తాతాజీకి ఒళ్లంతా చెమటలు. క్లచ్చిని సగం తొక్కిపట్టి జీపును బలవంతంగా ఆపుతున్నాడు. ఒకసారి అద్దంలో చూశాడు. టీచరు ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో తుంటి పట్టుకుని, పళ్ల బిగువున కూర్చుంది.  అది చూసి తాతాజీ గుండె జారిపోయింది.

కొత్తపేట ఎత్తు రోడ్డు మొదట్లోకి వచ్చేసరికి కాలిన వాసన కొట్టింది. కింద నుంచి పొగ లేచింది. సగం తొక్కిన క్లచ్చి ఎంతసేపు ఓర్చుకుంటుంది? ప్లేటు మాడిపోయింది. తాతాజీ యాక్సిలేటరు తొక్కితే ఇంజను సింహంలా గర్జించింది. చక్రం మాత్రం కదల్లేదు. నూట నలభై గుర్రాలూ ఒక్కచోటే నిలబడి సకిలించాయి.

"ఆ సామర్లకోట కారును పిలిపిద్దామా?" అన్నారెవరో. తాతాజీ అంత మాట విని ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు ఊరుకున్నాడు. ఇంజను ఆపాడు, దిగాడు, కుర్చీ దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"నొప్పి పుట్టిందాండీ?"

"పుట్టిందిరా. అబద్ధమెందుకు చెప్పాలి?" అంది టీచరు.

తాతాజీ తల దించుకున్నాడు. జిలానీ తప్పనలేదు, రోడ్డు తప్పనలేదు. "నాలుగు రకాలుగా చెప్పను టీచరుగారూ. నా పెద్దరికం కోసం పెట్టుకున్న ఇంజనిది. మీ కోసం కాదు," అన్నాడు అందరి ముందూ. ఊళ్లో అంతమంది నవ్వుతారని తెలిసీ అలా అనడం చిన్న విషయం కాదు. నాకైతే ఆయన మీద గౌరవం అక్కడే పుట్టింది.

టీచరు నడుము దగ్గర దిండు సర్దుకుంది. "సర్లే. ఏడుపు తర్వాత. ముందు నన్ను ఇంటికి చేర్చు," అంది.

తాతాజీ చొక్కా చేతులు మడిచాడు. కానిస్టేబులు గోవిందును స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, "కాలు బ్రేకు దగ్గరే ఉంచు, వెనక్కి జారితే తొక్కు," అని చెప్పి, తను వెనక్కి వెళ్లి భుజం ఆనించాడు. చూస్తూ ఉంటారా శిష్యులు? నూకరాజు కండువా నడుముకు కట్టాడు. ముసలీ ముతకా, ఉద్యోగస్తులు, కొట్లవాళ్లు, అందరూ చేయి వేశారు. ఇద్దరు చక్రాల వెనకాలే రాళ్లు పెట్టుకుంటూ నడిచారు. "హైలెస్సా!" అంటే జీపు కదిలింది.

అప్పుడు చూడాలి ఆ ఊరేగింపు! సింహాద్రి ఊపిరి కూడదీసుకుని సన్నాయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. జీపు ఆయన అడుగులో అడుగేసింది. ప్రతి గుమ్మం దగ్గరా హారతి అందింది. పూలు టీచరు ఒళ్లోనే పడ్డాయి. ఆవిడ ముఖం తేటపడింది. వెనక్కి తిరిగి, "ఏరా నూకరాజూ, ఎక్కాలు చెప్పమంటే కడుపునొప్పి అనేవాడివి. ఇప్పుడు నొప్పి లేదా?" అంది.

"ఉందండీ, తోస్తున్నానుగా!" అన్నాడు నూకరాజు రొప్పుతూ.

అలా టీచరును ఇల్లు చేర్చారు.

మర్నాడు జీపును తాడు కట్టి కాకినాడ లాక్కెళ్లారు. మాడిన ప్లేటు చూసి జిలానీ నవ్వాడు. "ఇంతేనా! రేసు బండ్ల ప్లేటు వేస్తాను అన్నా. ఇనుములా ఉంటుంది. ఇంజనును ఇంకాస్త పెంచుదాం కూడా!" అన్నాడు.

పాత తాతాజీ అయితే ఆ మాటకు ఎగిరి గంతేసేవాడు. ఈయన మాత్రం, "ఆగు జిలానీ. నా జీపు చేసేదేమిటి? మేళం వెనకాల నడవాలి. జనం ఎక్కితే కొత్తపేట ఎత్తు ఎక్కాలి. ఈ రెండూ నా పాత ఇంజను చేసేది. దాన్నే మళ్లీ బిగించు," అన్నాడు.

"అన్నా, అరవై గుర్రాలు అంటే మళ్లీ నవ్వుతారు!"

"నవ్వనీ. నవ్వేవాళ్లు నా బండెక్కరు."

జిలానీ గొణుక్కుంటూనే షెడ్డు మూలన ఉన్న పాత ఇంజనును విప్పి, కొత్తదానిలా బాగుచేసి, దాని పాత గేరుపెట్టెతో సహా బిగించాడు. తాతాజీ సింహాద్రిని బతిమాలి పిలుచుకొచ్చి ముందు నడవమన్నాడు. వెనకాల మొదటి గేరులో జీపు. సింహాద్రి కావాలని ఒకసారి మెల్లిగా, ఒకసారి ఇంకా మెల్లిగా నడిచాడు. జీపు ఆయన మడమ తొక్కలేదు. తర్వాత బస్తాలు వేసుకుని ఎత్తు ఎక్కించి చూశాడు. మూలిగింది, ఎక్కింది. అంతే, లెక్క తేలిపోయింది.

మరి ఆ పెద్ద ఇంజను? కోటిపల్లి రేవు దగ్గర పడవ నడిపే పోలయ్య దాన్ని కొనుక్కున్నాడు. ఒకసారి వరద రోజుల్లో తాతాజీ పనిగట్టుకుని చూడటానికి వెళ్లాడు. గోదావరి ఎర్రగా, ఒరుసుకుంటూ పారుతోంది. పడవ నిండా మనుషులు, మోటారు సైకిళ్లు, కూరగాయల గంపలు. ఆ ఇంజను గర్జిస్తూ ఏటికి ఎదురు లాగి అందరినీ అవతలి ఒడ్డుకు చేర్చింది. తాతాజీ గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాడు. "శభాష్! నీ చోటు ఇదిరా. నేను నిన్ను సందులో కట్టేశాను," అన్నాడు.

కొన్నాళ్లకు బడి వార్షికోత్సవం వచ్చింది. టీచరు లేకుండా ఎలా? కానీ పిలవడానికి వెళ్లాలంటే తాతాజీకి మొహం చెల్లలేదు. చివరికి జీపు తీసుకుని ఆవిడ గుమ్మం ముందు ఆపాడు. ఎక్కమని అడగలేక స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

టీచరు కర్ర పొడుచుకుంటూ బయటికొచ్చింది. జీపును ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది.

"ఇప్పుడు ఎన్ని గుర్రాలురా?"

"సరిపడా అండీ."

టీచరు కర్రను జీపులో పెట్టి, చెయ్యి పట్టుకోమని తాతాజీ వైపు చాపింది.

నీతి: బలం ఎంత ఎక్కువుంటే అంత గొప్ప అనుకోకూడదు, చేసే పనికీ, మనల్ని నమ్మి ఎక్కిన మనిషికీ సరిపడే బలమే అసలైన బలం.