ఆకుల కిరీటం

ఆ పాట విన్నప్పుడల్లా మెలిటాకు ఒళ్లు మండేది. ఆ పాటలో, వెనకటికి ఒక దేవుడు ఒక పిల్ల వెంటపడ్డాడు. ఆ పిల్ల పరిగెత్తీ పరిగెత్తీ, ఇక తప్పించుకునే దారిలేక లారెల్ చెట్టయిపోయింది. అయినా దేవుడు వదల్లేదు. కొమ్మ విరిచి తలకు చుట్టుకున్నాడు. చెట్టు తల ఊపి సరేనంది. మెలిటా ఉండే ద్వీపంలోని మగ గాయకులకు ఈ ముగింపంటే మహా ఇష్టం. అక్కడ పాట ఆపి, తృప్తిగా గడ్డాలు నిమురుకునేవారు.

మెలిటా కొత్త పాట కట్టింది. అందులో చెట్టు సరేననలేదు. గాలికి ఊగిందంతే. నికారెటె దగ్గర తనతోపాటు పాట నేర్చుకునే ఆడపిల్లలంతా అది విని వెక్కి వెక్కి ఏడ్చారు. గురువు నికారెటె మాత్రం మెచ్చుకోలేదు. మెలిటా మనసు చివుక్కుమంది.

ఏటా జరిగే ఉత్సవంలో పాటల పోటీ వచ్చింది. ఆడవాళ్లు పాడకూడదన్న నియమమేమీ లేదు. తలమీద పచ్చి లారెల్ ఆకుల కిరీటం లేనిదే ఎవరినీ వేదిక ఎక్కనివ్వరు, అంతే. ఆ ఉదయం మెలిటా కొడవలి తీసుకుని కొండమీది లారెల్ చెట్టు దగ్గరికి వెళ్లింది. గురువూ వెంట వచ్చింది.

"ఇవాళ్టితో ఆ పిల్ల గోడు అందరికీ తెలుస్తుందమ్మా!" అంటూ మెలిటా ఒక కొమ్మమీదికి కొడవలి ఎత్తింది.

నికారెటె ఆ కొమ్మను కిందికి లాగి వదిలేసింది. ఆకులన్నీ గలగలా ఊగాయి.

"సరేనందా?" అని అడిగింది.

మెలిటా చెయ్యి అలాగే ఆగిపోయింది. కొడవలి దించింది.

"కిరీటం లేకపోతే పాడనివ్వరు కదమ్మా."

"పాడనివ్వరు."

గురువు ఇంకేదైనా అంటుందేమోనని మెలిటా ఎదురుచూసింది. ఆమె అప్పటికే కొండ దిగుతోంది.

ఉత్త తలతో వెళ్లిన మెలిటాను కాపలావాళ్లు మెట్ల దగ్గరే ఆపేశారు. ఎంత బతిమాలినా వినలేదు. లోపల ఎవరో ఆ పాత పాటే అందుకున్నాడు. చెట్టు తల ఊపింది. జనం చప్పట్లు కొట్టారు. మెలిటాకు గుండె పగిలినంత పనైంది.

ప్రహరీ బయట ఒక రాతిమీద నికారెటె కూర్చుని ఉంది. అంత గొంతు ఉండీ ఆమె ఏనాడూ ఆ వేదిక ఎక్కలేదు. పిరికిదని ఊరంతా చెప్పుకునేది. మెలిటా కూడా అలాగే అనుకుంది.

ఏడుస్తూ వచ్చిన శిష్యురాలికి నికారెటె కాస్త జరిగి చోటిచ్చింది.

"కూర్చో," అంది. "మొదటి ఏడు నాకూ ఇలాగే ఏడుపొచ్చింది."