నాచి ఎంచిన బూర

అనగనగా ఒక అడవిలో, ఎవ్వరికీ చెప్పని మాట ఒకటి కడుపులో దాచుకుని తిరిగే బాతు ఉండేది. ఆ మాట ఇది: "బావురుపిల్లికి బూర ఎంచి ఇచ్చింది నేనే." ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ మాట పైకి అనేది కాదు. చేపలు వింటాయని భయం.

ఆ బాతు పేరు నాచి.

అడవి మధ్యలో జమ్ము గడ్డి ఒత్తుగా మొలిచిన పెద్ద మడుగు ఉంది. అందులో నలభై బాతుల గుంపు. గుంపుకి పెద్ద ఓబుళత్త. నాచి మాత్రం ఆ గుంపులో పొదిగిన పిల్ల కాదు. ఎవరో గట్టు మీద వదిలేసిన ఒంటి గుడ్డు, ఎండ వేడికే పగిలి నాచి బయటికొచ్చింది. "ఎండకు పుట్టిన పిల్ల" అనేవి మిగతా బాతులు. ముద్దుగా అనేవో వెక్కిరించేవో వాటికే తెలియదు.

అమ్మ లేదు కాబట్టి ఎలా పిలవాలో నాచికి ఎవరూ నేర్పలేదు. జమ్ములో కూర్చుని అందరి గొంతులూ విని విని తనే నేర్చుకుంది. అలా నేర్చుకున్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. ఎవరు తప్పు పలికినా చెవిలో ముల్లు దిగినట్టు ఉంటుంది. నాచికి ఆ జబ్బు బాగా ఉండేది.

"అత్తా, 'దిగండి' అనే పిలుపు అలా కాదు. పొడుగ్గా ఒకటి, తర్వాత దిగుతూ మూడు. నువ్వు నాలుగు అన్నావు," అంది ఒకరోజు.

"నలభై మందీ దిగారా లేదా?" అని అడిగింది ఓబుళత్త.

"దిగారు."

"అయితే నాలుగే."

గుంపంతా నవ్వింది. పొట్టి అనే కుర్రబాతు అయితే నవ్వు ఆపుకోలేక నీళ్ళు మింగి దగ్గింది. పొట్టి వాళ్ళ అక్క బుడుంగి ఒక్కటే నవ్వలేదు.

"నువ్వు చెప్పిందే నిజమేమోలే," అంది బుడుంగి మెల్లగా. "అయినా అత్తతో ఎందుకే నీకు?"

నాచి అలిగింది. గుంపుని వదిలి గట్టు వైపు ఈదుకుంటూ పోయింది.

గట్టు మీద బావురుపిల్లి కూర్చుని ఉంది. దాని ముందు ఒక గుడ్డ సంచి. వేటకొచ్చిన మనుషులు మరిచిపోయిన సంచి అది. అందులో బాతుల్ని పిలిచి పట్టే బూరలు మూడు ఉన్నాయి. ఒకటి తాటాకుది, ఒకటి కొమ్ముది, ఒకటి వెదురుది.

బావురుపిల్లి బాతుల్ని తింటుందని నాచికి తెలుసు. అందుకే అది ఎంత దూకినా అందనంత దూరంలో, లోతు నీళ్ళలో ఆగింది. తన వరకు జాగ్రత్తగానే ఉంది.

"ఏం మామా, సంగీతం మొదలెట్టావా?" అంది.

"ఏం సంగీతమే అమ్మాయ్! మూడూ మోసుకు తిరగలేను. ఒకటి ఉంచుకుందామంటే ఏది మంచిదో తెలియక చస్తున్నా," అంది బావురుపిల్లి.

అది తాటాకు బూర ఊదింది. మేకపిల్ల తోక తొక్కినట్టు ఉంది. నాచి పకపకా నవ్వింది.

కొమ్ము బూర ఊదింది. జలుబు చేసిన కప్పలా ఉంది. నాచి ఇంకా నవ్వింది.

వెదురు బూర ఊదింది. నాచి నవ్వు ఆగింది. అచ్చం కాకపోయినా, దగ్గర దగ్గరగా బాతు గొంతే.

"సరే, తాటాకుదే బాగుంది. అడవంతా వినిపిస్తుంది," అని బావురుపిల్లి మిగతా రెండూ నీళ్ళలోకి విసరబోయింది.

పిల్లలూ, నాచి అప్పుడు నోరు మూసుకుంటే చాలు. ఇంకేమీ చేయక్కర్లేదు. ఆ మేకగొంతు బూరకి ఒక్క బాతు కూడా దిగదు. బావురుపిల్లి ఊది ఊది బుగ్గలు వాచి, వేరే తిండి వెతుక్కుంటూ పోతుంది. ఆ సంగతి నాచికి ఆ క్షణంలోనే తెలుసు. కానీ కళ్ళ ముందు తప్పు బూర ఎంచుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం దాని వల్ల కాలేదు.

"అయ్యో మామా, నీకసలు చెవులున్నాయా? తాటాకుది కాదు, వెదురుది!"

"వెదురుదా? సన్నగా ఉందే."

"సన్నగానే ఉండాలి. నువ్వు ఊదడమే తప్పు. పొడుగ్గా ఒకటి, దిగుతూ మూడు. చివర్లో ఊపిరి వదలకు, మింగు."

బావురుపిల్లి ఊదింది. "ఇంకా మెల్లగా," అంది నాచి. మళ్ళీ ఊదింది. "చివర్లో మింగమన్నానా!" అంది నాచి. మూడోసారి ఊదింది. నాచి ఒంటి మీద ఈకలు లేచి నిలబడ్డాయి. తన గొంతే గట్టు మీద నుంచి వినిపించింది.

"భలే చెవులమ్మా నీవి! మీ గుంపులో ఇంత తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు?" అంది బావురుపిల్లి.

పుట్టాక నాచితో ఆ మాట ఎవరూ అనలేదు. తిరిగి ఈదుతున్నంతసేపూ దాని మెడ నిటారుగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే గుంపు మేతకి వెళ్ళి వస్తోంది. జమ్ములోంచి "దిగండి" అని పిలుపు వచ్చింది. ఎక్కడా వంక పెట్టలేని పిలుపు. గుంపు దిగింది. జమ్ము కదిలింది, నీళ్ళు చెదిరాయి, బాతులు గోలగా లేచాయి. లేచాక చూసుకుంటే, అందరూ చిన్నాన్న అని పిలిచే ముసలి బాతు లేదు.

"పిలిచింది ఎవరు?" అని అడిగింది ఓబుళత్త.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాచి మేత వెతుక్కుంటున్నట్టు నీళ్ళలో తల ముంచింది. చెబితే తరిమేస్తారు. తరిమేస్తే పోవడానికి దానికి ఇంకో గుంపు లేదు.

రెండో రోజు నాచి ఓబుళత్త పక్కన చేరింది.

"అత్తా, ఇవాళ జమ్ము వైపు వద్దు. అవతల దిగుదాం."

"ఎందుకే?"

"ఊరికే."

"ఊరికే అయితే వెనక్కి పో. దారి నేను చూసుకుంటాను."

ఆ రోజు పొట్టి పోయింది.

బుడుంగి సాయంత్రం దాకా తమ్ముణ్ణి పిలుస్తూ మడుగంతా తిరిగింది. నాచి దాని వెనకే ఈదింది. తనూ వెతుకుతున్నట్టు జమ్ము పాయలు తొలగించి తొలగించి చూసింది.

"ఇంతమందిలో నువ్వొక్కదానివే నాతో తిరిగావే," అంది బుడుంగి.

నాచి ఇంకో పాయ తొలగించి చూసింది.

మూడో రోజు పొద్దున మళ్ళీ పిలుపు వచ్చింది. తప్పిపోయినవాళ్ళే పిలుస్తున్నారేమో అని గుంపు మడుగు మీద గుండ్రంగా తిరగసాగింది. నాచి ఇక ఆగలేక "ప్రమాదం" అనే కూత కూసింది. కానీ భయంతో గొంతు బొంగురుపోయింది. కూత వంకర్లు పోయింది. కింద జమ్ములో పిలుపు మాత్రం తీరుగా, తేటగా వినిపిస్తోంది.

"ఎవరే ఆ పిచ్చికూత? పోండి, పోండి, దిగండి," అని ఓబుళత్త కిందికి వాలింది. దాని వెనకే బుడుంగి.

నాచికి అప్పుడు అర్థమైంది. కూతకి కూతతో పోటీ పడి లాభం లేదు. కింద ఉన్న పిలుపుని అంత చక్కగా దిద్దింది తనే మరి. అయితే బూర 'దిగండి' అనగలదు. నాచి పేరు చెప్పడం దానికి చేతకాదు. నాచి చేసిన పని చెప్పడమూ చేతకాదు.

"ఓబుళత్తా! నేను నాచిని!" అని అరిచింది. "కింద ఉన్నది బాతు కాదు, బావురుపిల్లి! ఆ బూర నేనే ఎంచి ఇచ్చాను! ఎలా ఊదాలో నేనే నేర్పాను!"

ఓబుళత్త కాళ్ళు అప్పటికే నీళ్ళకి తగిలాయి. ఒక్క ఉదుటున పైకి లేచింది. బావురుపిల్లి ఎగిరి పంజా విసిరితే తోక ఈక ఒకటి మాత్రం దొరికింది. గుంపంతా ఆ మడుగు వదిలి, గుట్ట అవతల ఉన్న ఇంకో మడుగులో దిగింది. బావురుపిల్లి మధ్యాహ్నం దాకా బూర ఊదుతూనే ఉంది. ఊదుడు బ్రహ్మాండంగా ఉంది. వినడానికే ఎవరూ లేరు.

కొత్త మడుగులో ఓబుళత్త నాచి ఎదురుగా వచ్చి నిలిచింది.

"మొన్ననే చెబితే పొట్టి ఉండేది."

"ఉండేది అత్తా."

"మా తప్పులు ఎన్ని దిద్దావే తల్లీ! నీది ఒక్కటి దిద్దుకోవడానికి మూడు రోజులు పట్టిందా?"

నాచి తల వంచుకుంది. దాన్ని ఎవరూ తరమలేదు. జరిగి చోటూ ఇవ్వలేదు. బుడుంగి మడుగు అవతలి చివరకి పోయి, ఇటు వీపు పెట్టి కూర్చుంది.

నాచి చాలాసేపు ఆ వీపునే చూసింది. బాతుల్లో 'తప్పిపోయాను' అనే పిలుపు ఒకటుంది. అది వినగానే ఏ బాతైనా ఆలోచించకుండా వచ్చేస్తుంది. గుంపులో దాన్ని నాచి కంటే బాగా పిలిచేవాళ్ళు లేరు. పిలిస్తే బుడుంగి రాక తప్పదు. నాచి ముక్కు తెరిచింది. తెరిచి, మూసుకుంది. అలా రప్పించడానికీ బూర ఊదడానికీ తేడా ఏముంది?

పేరు పెట్టి పిలిస్తే బుడుంగి ఇటు తిరగొచ్చు, తిరగకపోవచ్చు. తిరిగితే ముందు ఏమనాలో కూడా నాచికి తెలియదు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ఉంటే ఉండనీ అనుకుంది. ఉత్త పేరుతోనే పిలుద్దామని నిశ్చయించుకుని, మెడ ఎత్తింది.

నీతి: మనకు తెలిసింది గొప్పగా చెప్పేముందు అది ఎవరికి చెబుతున్నామో చూసుకోవాలి. చూసుకోకుండా తప్పు చేస్తే, ఇంకొకరికి నష్టం జరగకముందే మన నోటితో మనమే ఒప్పుకోవాలి.