మల్బరీ పాకం, మారెక్క పాలు

1983. ఉగాది పోయి నెల తిరిగింది. ఎండలు మండిపోతున్నాయి.

మడకశిర దారిలో పట్టుపురుగుల కోసం మల్బరీ తోటలు వేసిన ఊళ్లలో గుట్టకిందపల్లె ఒకటి. ఆ ఊరి చివర మదార్ సాహెబు ఇల్లుంది. పెంకుటిల్లు, ముందర చిన్న పందిరి. కష్టం వచ్చినవాడు, దిక్కు తోచనివాడు, ఊరికే కాసేపు కూర్చుందామనుకున్నవాడు ఆ పందిరి కిందికే వచ్చేవాళ్లు. సాహెబు పెద్దగా మాట్లాడేవాడు కాదు. అయినా వచ్చినవాళ్లు లేచేటప్పుడు మొహం కడుక్కున్నట్టు ఉండేవాళ్లు.

ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా శిష్యరికం చేస్తున్నవాడు జిలాన్. అంతకు ముందు బెంగుళూరులో టీ మాస్టరు. గజం ఎత్తు నుంచి టీ పోస్తే ఒక్క చుక్క కింద పడేది కాదని అక్కడ పేరు. పేరున్నవాడికి ఓపిక తక్కువ. వచ్చిన మొదటి ఏడాది నుంచీ అతనిది ఒకటే ప్రశ్న.

"ఇంకా ఎన్నాళ్లు హజరత్?"

సాహెబు ఎప్పుడూ బదులు చెప్పలేదు. ఆ ఎండాకాలంలో ఒక రోజు, అడక్కుండానే చెప్పాడు.

"గురువారం కదిరి నుంచి నూరుల్లా హజరత్ వస్తాడు. సాయంత్రం నాలుగింటికి నీకు తలపాగా కట్టిస్తా."

తలపాగా కట్టడమంటే మాటలు కాదు. మదార్ సాహెబు తర్వాత ఆ పందిరి కింద కూర్చోవలసినవాడు జిలానే అని నలుగురిలో చెప్పడం. నూరుల్లా హజరత్, మదార్ సాహెబు ఒకే గురువు దగ్గర పెరిగినవాళ్లు. ఆయన చేత్తో కట్టించుకుంటే ఇక ఎదురు చెప్పేవాడు ఉండడు. జిలాన్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు.

"నలభై మంది దాకా వస్తారు," అన్నాడు సాహెబు. "చల్లగా ఏదన్నా చెయ్యి. నూరుల్లాకు గుండె దడ. డాక్టరు టీ మానిపించినాడు, కాఫీ మానిపించినాడు. ఆ పొడి ఏదీ తగలకూడదు."

"నా చేతికి టీ పొడి లేకుండా పని చెప్తిరా!"

"చేతికి చెప్తిని. పొడికి కాదు."

జిలాన్ నవ్వాడు. అప్పుడే అతని తలలో ఒక గ్లాసు మెరిసింది. బెంగుళూరులో ఒక పెద్ద హోటల్లో చూసిన గ్లాసు అది. అడుగున పండ్ల పాకం, దాని పైన ఐసు, పాలు, ఆ పైన కాఫీ డికాషన్. మూడు రంగులు, మూడు పొరలు, ఒకదాని మీద ఒకటి. కాఫీకి బదులు బార్లీ గింజలు నల్లగా వేయించి కషాయం దించితే సరి.

"చూపుకు కాఫీ, వాసనకు కాఫీ. గుండెకు మాత్రం ఏమీ కాదు హజరత్. కదిరిలో పది కాలాలు చెప్పుకుంటారు చూడండి!"

సాహెబు చేతిలోని తస్బీ మాల పూసలు తిప్పుకుంటూ ఉండిపోయాడు.

పాలు మారెక్క ఇచ్చింది. ఆమెది పక్క వీధి. భర్త పోయాక ఆమెకు ఉన్నదల్లా ఒక ఎనుము. మూడేళ్లు చూలు నిలవలేదు. సాహెబు పందిరి కింద కూర్చుని ఏడ్చి, ఈసారి ఈనితే ఒక రోజు పాలన్నీ ఈ ఇంటికే అని మొక్కుకుంది. ఎనుము ఈనింది. గురువారం పొద్దున రెండు బిందెలు మోసుకొచ్చింది. రెండు పూటలవీ కలిపి ఎనిమిది లీటర్లు.

"దూడకు కూడా సగం కడుపుకే విడిచినా సాహెబూ. ఒక్క చుక్క నా ఇంట్లో దాచుకోలే. వచ్చినోళ్లు తాగుతాంటే కళ్లారా చూడల్ల. సాయంత్రం వస్తా."

"రా తల్లీ," అన్నాడు సాహెబు.

జిలాన్ పాలు కాచి చల్లార్చాడు. హిందూపురం నుంచి ఊకలో కప్పి, గోనెపట్టాలో చుట్టి, సైకిలు వెనక కట్టి తెచ్చిన ఐసు దిమ్మె పగలగొట్టాడు. పెరట్లోని మల్బరీ పండ్లు రెండు రోజుల ముందే ఉడికించి, వడగట్టి, బెల్లం వేసి పాకం పట్టి ఉంచాడు. పాకం తియ్యగా కుదిరింది. రంగే నచ్చలేదు. సిరా బుడ్డి ఒలికినట్టు నల్లటి ఊదా.

ఒక నిమ్మకాయ కోసి పిండాడు. గిన్నెలో రంగు కదిలింది. నలుపు విరిగి ఎరుపు తేలింది. ఇంకోటి పిండాడు. ఎనిమిది కాయలు పిండేసరికి గిన్నె నిండా కెంపు రంగు.

గాజు గ్లాసులో అడుగున ఆ పాకం పోశాడు. దాని మీద ఐసు ముక్కలు పేర్చాడు. గరిటె బోర్లించి దాని వీపు మీదుగా పాలు జారవిడిచాడు. పాలు ఐసు మీద వాలి, పాకాన్ని తాకీ తాకనట్టు నిలిచాయి. పైన బార్లీ కషాయం వదిలాడు. ఎరుపు, తెలుపు, నలుపు. ఎక్కడి గీత అక్కడ ఆగింది.

రెండు చేతులతో పట్టుకుని సాహెబు దగ్గరికి పరిగెత్తాడు.

"చూడండి హజరత్, ఎట్లా నిలబడిందో!"

సాహెబు వంగి చూశాడు. "నిలబడింది. తాగినావా?"

"ముందు చూడండి!"

"చూస్తిని. తాగినావా?"

జిలాన్ తాగలేదు. తాగితే గీతలు చెరిగిపోవూ! గ్లాసును గూట్లో పెట్టి పనిలో పడ్డాడు.

నలభై గ్లాసులకు గరిటె వీపున పాలు జారవిడుస్తూ కూర్చుంటే పొద్దు గుంకుతుంది. పెద్దాయనకు ఒక్కడికి పొరల గ్లాసు, మిగతావాళ్లకు కలిపింది అనుకున్నాడు. పెద్ద డేగిసాలో పాకమంతా పోశాడు. దాని మీద మారెక్క పాలన్నీ ఒక్కసారిగా వంచాడు. గరిటెతో బలంగా తిప్పాడు.

నాలుగు తిప్పులకే గరిటె బరువెక్కింది. అంచుల్లో రవ్వ కనిపించింది. రవ్వ గడ్డలయింది. ఎనిమిది లీటర్ల పాలూ అతని కళ్ల ముందే విరిగిపోయాయి. గూట్లో ఉన్న గ్లాసు వైపు చూశాడు. ఐసు కరిగింది. పొరలు ఒకదానిలోకి ఒకటి దిగాయి. అందులోనూ ముద్దలే.

ఇరవై ఏళ్లు పాలతో బతికినవాడు. నిమ్మరసం పాలకు ఏం చేస్తుందో పసిపిల్లలకు తెలుసు. అతనికి తెలియదా! రంగు చూస్తూ మరిచాడు.

గరిటె వదిలి సాహెబు వైపు తిరిగాడు.

"పారబోస్తా హజరత్. సైకిలు మీద పోయి మడకశిరలో వేరే పాలు పట్టుకొస్తా. ఆ మారెక్కకు ఏం తెలుస్తుంది? తెల్లగా ఉంటే చాలు."

సాహెబు లేచి డేగిసా లోపలికి చూశాడు. లోపలి గదిలోకి వెళ్లాడు. చెక్కపెట్టె మూత కిర్రుమనడం వినబడింది. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతుల్లో తెల్లటి గుడ్డ ఉంది. తొమ్మిది మూరల సన్నటి మల్లు గుడ్డ. ఆయన గురువు ఆయన తలకు కట్టింది. ఆ సాయంత్రం జిలాన్ తలకు కట్టవలసింది.

"ఒక ఎత్తు స్టూలు తెచ్చి తలకిందులు పెట్టు," అన్నాడు.

"హజరత్, అది వద్దు! పంచె ఉంది, దుప్పటి ఉంది..."

"ఇంట్లో ఇంతకన్నా సన్నటి గుడ్డ లేదు."

గుడ్డను నాలుగు మడతలు వేసి, స్టూలు నాలుగు కాళ్లకు కట్టాడు సాహెబు. మధ్యలో జోలెలా వదిలాడు. కింద ఇత్తడి గిన్నె పెట్టాడు. విరిగిన పాలు లోటాతో ముంచి, గుడ్డలో పోశాడు. తెల్లటి గుడ్డ మీద కెంపు రంగు పాకిపోయింది. జిలాన్ కళ్లు మూసుకున్నాడు.

మొదట కారింది మురికి నీళ్లలా ఉంది. సాహెబు గిన్నె ఎత్తి, దాన్ని తిరిగి గుడ్డలోనే పోశాడు. మళ్లీ కారింది. మళ్లీ పోశాడు. తర్వాత ధార సన్నబడి చుక్కలయింది. ఒక చుక్క. ఊపిరి తీసి వదిలినంత సేపు. ఇంకో చుక్క.

మధ్యాహ్నం నమాజుకు సాహెబు లోపలికి వెళ్లాడు. గిన్నెలో అరచేతి లోతు కూడా లేదు. పొద్దు నడినెత్తి దాటింది. కదిరి బస్సు మూడున్నరకు వస్తుంది. జిలాన్ కూర్చున్నాడు, లేచాడు, దారి చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. ఆఖరికి ఉండబట్టలేక రెండు చేతులా జోలెను పట్టుకుని మెలిపెట్టి పిండాడు. గుడ్డ దారాల్లోంచి తెల్లటి ముద్ద చిమ్మి గిన్నెలో పడింది. అప్పటిదాకా కారింది కూడా కలిసి సున్నపు నీళ్లయింది.

సాహెబు వచ్చాడు. గిన్నె చూశాడు. జిలాన్ చేతులు చూశాడు. గిన్నె ఎత్తి అంతా తిరిగి గుడ్డలో పోశాడు. మొదటి నుంచి మొదలయింది.

"ఎంతసేపు పడుతుంది హజరత్?"

"నువ్వు చెయ్యి తీస్తే, తొందరగానే."

జిలాన్ చేతులు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. మిగిలిన బార్లీ కషాయం రెండు లోటాల్లో పోసి సాహెబు ఒకటి అతనికిచ్చాడు, ఒకటి తాను తీసుకున్నాడు. పాలు లేవు, తీపి లేదు. ఉత్త చేదు. ఇద్దరూ అదే తాగుతూ చూస్తూ ఉన్నారు.

ఎప్పుడు మారిందో జిలాన్‌కు తెలియలేదు. గుడ్డలో పాలముద్ద తనంతట తానే దిగి, పేరుకుని, తానే ఒక జల్లెడయింది. చుక్క రంగు మారింది. సాహెబు కింద వేరే గిన్నె పెట్టాడు. అది నాలుగు వేళ్ల లోతు నిండాక ఒక గాజు గ్లాసులో పోసి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

జిలాన్ లేచి దగ్గరికి వచ్చాడు.

గ్లాసులో పాలు లేవు. పాకం లేదు. అతను ఎనిమిది కాయలు పిండి తెచ్చిన ఎరుపు లేదు. అదంతా పైన గుడ్డలోనే ఉండిపోయింది. గ్లాసులో ఉన్నది తెల్లవారుజామున ఆకాశం అంచున కనిపించే ఆ లేత గులాబీ, అంతే. గ్లాసు అవతల సాహెబు అరచేయి కనిపిస్తోంది. ఆ చేతిలోని గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. దువాలో అల్లాను వేడుకునేటప్పటిలా జిలాన్ రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి.

కదిరి బస్సు వచ్చింది. నూరుల్లా హజరత్ కర్ర పట్టుకుని, ఊరివాళ్ల నడుమ నడిచి వచ్చాడు. వచ్చినవాళ్లు అదేం చప్పుడా అని చుక్కలు పడుతున్న వైపు చూశారు. చూసినవాళ్లు చూసినట్టే కింద కూర్చున్నారు. నలభై మంది ఉన్న పందిట్లో దగ్గు కూడా వినిపించలేదు.

ఆ నిశ్శబ్దంలోకి మారెక్క వచ్చింది.

"ఏమి సాహెబూ, ఎవురన్నా పోయినారా యేం? ఇంత గమ్మున ఉండారు! నా పాలు యాడ?"

సాహెబు గోనెపట్టాలో మిగిలిన ఐసు వేసి మొదటి గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. కదిరి పెద్దాయన కన్నా ముందు.

మారెక్క గ్లాసును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"నీళ్లు కలిపిన పాలు చానా చూసినా. పాలు మాయమైపోయిన నీళ్లు మాత్రం ఇదే చూడ్డం! ఈ జిలాన్ గాడు బెంగుళూరులో నేర్చినాడా ఈ ఇంద్రజాలం?"

ఎవరో కిసుక్కుమన్నారు. జిలాన్ తల ఎత్తాడు.

"నేను విరగ్గొట్టినా అక్కా. పారబోసి వేరే పాలు తెచ్చి, ఇవే నీ పాలని చెప్దామనుకున్నా."

మారెక్క అతని మొహం చూసింది. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. ఆగింది. మిగతాది గుక్క తిప్పుకోకుండా తాగి, కొంగుతో మూతి తుడుచుకోవడం మరిచి అలాగే నిలబడింది.

"నా ఎనుము పాలే," అంది మెల్లగా. ఆ మాటతో కూర్చుండిపోయింది.

నూరుల్లా హజరత్ తన గ్లాసు తాగాడు. తర్వాత కర్ర పక్కన పెట్టి అడిగాడు.

"మదార్, వేళయింది. మన గురువుగారి తలపాగా తీసుకురా."

మదార్ సాహెబు స్టూలు వైపు చూపించాడు.

పెద్దాయన లేచి వెళ్లి గుడ్డ అంచు పట్టుకుని చూశాడు. గుర్తుపట్టాడు. కెంపు రంగు పట్టి, పాలముద్ద బరువుకు సాగి వేలాడుతున్న ఆ గుడ్డను కళ్లకద్దుకున్నాడు. నలుగురూ జిలాన్ వైపు తిరిగారు.

"తడి గుడ్డయితేనేమి," అన్నాడు నూరుల్లా హజరత్. "కడతాను. రా బాబూ, తల వంచు."

పన్నెండేళ్లు ఎదురుచూసిన మాట అది. జిలాన్ కదల్లేదు. గుడ్డ కింద నిండిన గిన్నె తీసి, ఖాళీ గిన్నె జరిపి, దాని ముందే కూర్చున్నాడు.

"ఇంకా కారుతా ఉండాది హజరత్," అన్నాడు.

మదార్ సాహెబు పూసలు తిప్పుకుంటున్నాడు. ఆయన వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

అందరికీ తలా అర గ్లాసు వచ్చింది. గురుశిష్యులిద్దరికీ మిగల్లేదు. ఆ గుడ్డను ఏడుసార్లు ఉతికారు. మరక పోలేదు, బరువుకు తెగిన దారాలు అతకలేదు. రెండేళ్లకు మదార్ సాహెబు పోయాడు. ఆ ఇంట్లో జిలాన్ తలకు గానీ, మరెవరి తలకు గానీ తలపాగా కట్టలేదు.