ఈశాన్యం వదిలిన పెట్టె

"నమ్మకంగా కనిపించేవాడు మోసం చేస్తే పట్టుకోవడం ఎలాగమ్మా?" అని అడిగాడు వీరేశం. కోదండమ్మ అతనికి పని నేర్పిన గురువు, సర్వర్లు బాగుచేస్తూ తల నెరిసిన మనిషి. ఏదడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. "సర్వరు పెట్టె చూపించు" అంది.

విశాఖలో ఒక స్కానింగు సెంటరు అది. అక్కడి కంప్యూటర్లు చూసుకునే వీరేశం, స్కాన్లు దాచే సర్వర్‌కి ఎనిమిది కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కులు తెప్పించాడు. గాలి కంటే జోరని కొన్నవి ఎద్దుబండిలా నడుస్తున్నాయి. స్కాను బొమ్మ తెరుచుకునేలోపు డాక్టరుగారు టీ తాగి గ్లాసు పక్కన పెడుతున్నారు. బయట రోగుల గోల. డిస్కులు బిగించినవాడు అతని కింద పనిచేసే అప్పలనాయుడు. అసలు సరుకు నొక్కేసి నకిలీవి పెట్టాడని వీరేశం అనుమానం. చెత్తలోంచి అట్టపెట్టెలు ఏరి, వాటి మీది నంబర్లని డిస్కుల నంబర్లతో పోల్చి చూశాడు. అన్నీ సరిపోయాయి. అంత పొందిగ్గా సరిపోవడం మీదే మరింత అనుమానం పుట్టింది. అతన్ని పనిలోంచి తీసేయమని రాసిన కాగితం జేబులో ఉంది. సాయంత్రానికి మేనేజరు చేతికి వెళ్ళాలి.

కోదండమ్మ ఒక్కో డిస్కునీ విడిగా నడిపి చూసింది. ఎనిమిదీ జోరే. "ఒంటరిగా అందరూ పెద్దమనుషులే" అని గొణిగాడు వీరేశం. ఆవిడ ఒక్కొక్కటే కలిపి నడుపుతూ పోయింది. నాలుగు దాకా జోరు తగ్గలేదు. అయిదోది చేరేసరికి అన్నీ నెమ్మదించాయి. ఎనిమిదీ కలిస్తే ఒక్కోటీ సగానికి పడిపోయింది.

అప్పుడు మూత తీయించింది. డిస్కుల్ని సర్వరుకి కలిపే కార్డులు రెండున్నా, ఎనిమిదింటి తీగలూ ఎడమవైపున్న ఒక్కదాంట్లోకే పోతున్నాయి; ఆ కార్డు దారి నాలుగు డిస్కుల జోరుకే సరిపోతుంది. కుడివైపు అలాంటిదే ఇంకో కార్డు ఖాళీగా ఉంది. ఇలా ఎందుకు పెట్టావని అప్పలనాయుణ్ణి అడిగింది. అతను వీరేశం వైపోసారి చూసి, తల దించుకున్నాడు.

"రెండేపులా పంచాలని తెలుసండీ. అటేపు ఈశాన్యం గదండీ. బరువెట్టొద్దని వీరేశం బాబే సెప్పారు."

నాలుగు డిస్కుల్ని కుడివైపు కార్డుకి మార్చారు. ఎనిమిదీ కలిసినా, ఒంటరిగా ఉన్నంత జోరుగానే నడిచాయి.

వీరేశం కాగితం చింపాడు గాని, మనసులో పురుగు చావలేదు. అప్పలనాయుడు గది దాటాక గొంతు తగ్గించి, "తప్పని తెలిసీ ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా వాడు?" అన్నాడు.

కోదండమ్మ మూత బిగిస్తూ అంది:

"నీ దాకా మాట రావడానికి దారెంత ఉంచావు, నాయనా?"