తలుపుకి కొలతెందుకు

ఉదయం ఆరు గంటలు. ముసురు. చీకటితో చూసినప్పుడు మెట్టు కిందున్న నీరు, మెట్టెక్కి వసారా అంచు తాకుతోంది.

మా అబ్బాయి పోసిబాబు మామ్మ గదిలో మంచం పట్టుకుని నిలబడ్డాడు. మంచం గుమ్మంలో పట్టడం లేదు.

మామ్మ వాడికి. నాకు అత్తగారు. ఆవిడకి తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు. నడుం వంచకూడదు, పడుకున్న మనిషిని పడుకున్నట్టే కదపాలి అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ పొద్దున దుప్పటితో ఎత్తబోతే ఆవిడ పెట్టిన కేక ఇంకా నా చెవిలోనే ఉంది.

ఆ మంచం ఆవిడ కోసం చేసిందే. వాడే బొమ్మ గీసుకుని, వాడే కోసి, ఈ గదిలోనే కూర్చుని బిగించాడు. రేపు లేవగలిగాక కాళ్ళు దించితే పాదాలు నేలకి ఆనేంత ఎత్తు. లేచేటప్పుడు ఆసరాకి పట్టుకోవడానికో పట్టె. కంచం పెట్టుకోవడానికి పక్కనుంచి జరిగే పలక. మేకు లేదు, నట్టు లేదు. అతుకులన్నీ జిగురు పోసి బిగించేశాడు.

వాడికి పని నేర్పింది లింగాచారిగారు. మంచం పూర్తయ్యాక చూడ్డానికి వచ్చారు. అరచేత్తో నిమిరి చూశారు.

"నూరేళ్ళయినా కదలదండి," అన్నాడు వీడు.

"కదలదూ?"

"ఏనుగొచ్చి లాగినా కదలదండి."

"ఊ," అన్నారాయన. ఇచ్చిన మజ్జిగ తాగారు.

వెళుతుంటే పోసి గది తలుపు ఊపి చూపించాడు. "ఇదొకటండి మాకు. బందుల్లేకుండా బెజ్జాల్లో నిలబెట్టారు, కాస్త పైకెత్తితే ఊడి చేతికొచ్చేస్తుంది. ఇత్తడి బందులు తెచ్చాను, బిగించేస్తాను. ఏ మహానుభావుడు చేశాడో!"

"నేనే. నువ్వు పుట్టకముందు."

చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. నాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు.

గోదావరి వచ్చింది ఆ తర్వాతే.

మా ఆయన తెల్లవారకముందే ఆవునీ దూడనీ తోలుకుని గట్టుకి వెళ్ళారు. కబురు లేదు.

పోసి రంపం తీశాడు. మంచం పట్టె మీద ఆనించాడు. మళ్ళీ తీసేశాడు.

"కొయ్యరా," అన్నాను.

"మామ్మ మీదుండగా ఎలా కోస్తానమ్మా?"

"పోనీ గుమ్మం పగలగొట్టు."

"గోడ నానిపోయింది. కొడితే కూలిపోతది."

బయట నావవాడి కేక. "తొందరగా రండమ్మా! నీరు ఎక్కేస్తంది!"

ఆ నావలోనే ఉన్నారు లింగాచారిగారు. మోకాలి లోతు నీళ్ళలో దిగి వచ్చారు. మంచం చూశారు. గుమ్మం చూశారు. తలుపు వైపు తిరిగారు.

"బందులు బిగించేశావా?"

"లేదండి. ఈ వారం బిగిద్దామని..."

ఆయన తలుపు కింద రెండు చేతులూ పెట్టి పైకెత్తారు. కిర్రుమని ఒక్క చప్పుడు. తలుపు ఊడి చేతికొచ్చింది. తెచ్చి మంచం పక్కన, రెండు ముక్కాలి పీటల మీద ఎత్తు సరిచూసి పరిచారు.

ఈ వారం అన్నాడు వాడు. నేను అత్తయ్య కింది బొంత అంచులు అందుకున్నాను.

పోసి జేబులోంచి టేపు తీశాడు. తలుపు మీదికి వంగాడు.

"దేనికిరా?"

"గుమ్మంలో పడుతుందో లేదోనండి."

ఆయన వాడి ముఖంలోకి చూశారు.

"తలుపుకి కొలతెందుకురా?"

వాడు టేపు జేబులో పెట్టేసుకున్నాడు.

అత్తయ్యని బొంతతో సహా తలుపు మీదికి జరిపాం. నా చీరతో కట్టాం. తలవైపు గురువుగారు, కాళ్ళవైపు పోసి. గుమ్మం దాటుతుంటే ఆవిడ కళ్ళు తెరిచింది.

"నా పెళ్ళికి పల్లకీ అని చెప్పి నడిపించార్రా. ఇప్పటికి ఎక్కించారు."

"కదలకు మామ్మా."

"నేనెక్కడ కదుల్తాన్రా, మోసేది నువ్వయితే!"

నావ దించిన బడి మేడ మీద ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఆ తలుపు మీదే పడుకుంది. నీరు తీశాక, దాని మీదే తిరిగొచ్చింది.

ఇల్లు నిలిచే ఉంది. గది నిండా ఒండ్రు. మంచం పెట్టినచోటే ఉంది. వాడన్నట్టే, కదలలేదు.

అత్తయ్యని వసారాలో నవారు మంచం మీదికి మార్చాం. పోసి ముందు తలుపు కడిగాడు. గుమ్మం బెజ్జాల్లో బురద పుల్లతో తీశాడు. ఎత్తి పెట్టాడు. ఊపి చూశాడు. మునుపటిలాగే వదులుగా ఊగింది.

ఇత్తడి బందుల పొట్లం నా చేతికిచ్చాడు. "ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా."

అప్పటికి లింగాచారిగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పోసి సుత్తి, ఉలి తెచ్చుకుని మంచం అతుకులు ఊడదీయడానికి కూర్చున్నాడు. ఒక అతుకు మీద వేలు పెట్టి ఆయన వైపు చూశాడు.

ఆయన వంగి, ఆ వేలు కాస్త పక్కకి జరిపారు.

లోపల సుత్తి చప్పుడవుతుంటే నేను వసారాలో కూర్చుని లెక్కపెట్టుకున్నాను. అత్తయ్య. పోసి. మా ఆయన, మూడోనాడు గట్టమ్మట నడిచొచ్చారు. ఆవు.

దూడ రాలేదు.

మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను.