గవరమ్మ ఖాళీ బుట్టలు

ఒకానొక రాజ్యంలో చెత్తకు ఉన్నట్టుండి పెద్ద మర్యాద వచ్చిపడింది. ఆ రాజ్యం పేరు మణిగిరి, ఏలేవాడు మార్తాండ భూపతి. మనిషి చెడ్డవాడు కాడు గాని, తాను తుమ్మినా అది శాసనమే అనుకునే రకం. దానికి తోడు పాతదేదైనా కంటపడితే ఆయనకు గిట్టదు.

ఒకసారి పొరుగు రాజు చుట్టపుచూపుగా వచ్చి, కోటవీధిలో ఏనుగు మీద ఊరేగుతూ ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అంతే, భూపతికి తల కొట్టేసినట్టయింది. మర్నాడే ఊళ్ళో టముకు వేయించాడు.

"ప్రతి ఇంటికీ మూడు బుట్టలు! తడి చెత్త పచ్చబుట్టలో, పొడి చెత్త నీలిబుట్టలో, ఎందుకూ పనికిరానిది ఎర్రబుట్టలో! రోజూ పొద్దున్నే భటులొచ్చి తనిఖీ చేస్తారు! తప్పు చేసినవాళ్ళు ఊరొదిలి పోవాలహో!"

న్యాయంగా చెప్పుకోవాలంటే ఉద్దేశం మంచిదే. కిందటి వానాకాలం కాలువలు చెత్తతో పూడిపోయి, కింది వీధుల్లో ఇంటికొకరు జ్వరంతో మంచం పట్టారు. కానీ మంచి పని చేతకానివాడి చేతిలో పడితే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. తనిఖీ పని భుజంగరాయుడనే అధికారి చేతిలో పడింది.

శాసనం ఎంత గొప్పగా నడుస్తోందో రాజుకు చూపించాలని ఆయన తాపత్రయం. అందుకని బుట్టలు నిండి ఉంటేనే మంచి ఇల్లు, ఖాళీగా ఉంటే చెత్త దాచిన ఇల్లు అని తేల్చేశాడు. ఇక చూడండి అమ్మలక్కల అవస్థ!

"వదినా, మా పచ్చబుట్ట సగానికే వచ్చింది. గుప్పెడు అరటితొక్కలుంటే అప్పివ్వవూ, రేపు తీర్చేస్తాను."

"నా దగ్గరెక్కడివమ్మా! నీలిబుట్ట నిండలేదని ఇందాకే నిక్షేపంలాంటి కుండ పగలగొట్టుకున్నాను."

భటులు ఊరుకునేవారా? బుట్టలు నడివీధిలో బోర్లించి కర్రలతో కెలికేవారు. "అబ్బో, ఈయనగారింట్లో రోజూ వంకాయ తొడిమలేనే! పైన పటారం, లోన లొటారం!" అని పకపకా నవ్వేవారు. ఆ ఇంటివాళ్ళు తలుపు చాటున నిలబడి చచ్చినంత సిగ్గుపడేవారు.

కింది వీధిలో గవరమ్మ అనే ముసలమ్మ ఉండేది. చిరుగుపాతలు ఏరుకుని బొంతలు కుట్టి బతికేది. శాసనం వచ్చి నెల్లాళ్ళయినా ఆమె మూడు బుట్టలూ ఖాళీగానే ఉన్నాయి. భుజంగరాయుడు ఇల్లు రెండుసార్లు వెతికించాడు, పెరడు తవ్వించాడు. ఏమీ దొరక్కపోయేసరికి, "ఎంత గడుసుగా దాచిందో!" అని మరింత మండిపడి, రాజు దగ్గర చెప్పి శిక్ష వేయించాడు. ఎల్లుండి పొద్దు వాలేలోగా గవరమ్మ ఇల్లు వదిలి ఊరి ద్వారం దాటిపోవాలి.

ఆ ఇల్లు చనిపోయిన ఆమె మొగుడు తన చేతులతో కట్టింది. శిక్ష మాట విన్నప్పటి నుంచి ముసలమ్మ గుమ్మాన్ని పట్టుకుని కూర్చుంది. అన్నం కూడా వండుకోలేదు.

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. అవి గోలగా మారేసరికి, రాజు కోట ముంగిట సభ పెట్టించి, ఎవరి మాట వారిని చెప్పమన్నాడు.

గాజుల వర్తకుడొకడు లేచి, "ప్రభూ, శాసనం మంచిదే. మా కాలువలో నీళ్ళు పారడం పదేళ్ళకు చూశాను" అన్నాడు. ఆ వెనకే ఒక ఇల్లాలు, "కాలువ బాగుంది బాబయ్యా, మా పరువే పారిపోతోంది. మేము ఏం తిన్నామో, ఏం తినలేదో వీధిలో చదవాలా?" అంది. సగంమంది అటు, సగంమంది ఇటు. రాజు విసుగ్గా మీసం దువ్వుకున్నాడు.

చివరికి గవరమ్మను నిలబెట్టారు.

"చెత్త ఎక్కడ దాచావు?" అన్నాడు రాజు.

"లేదు నాయనా. లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చేది? పక్కింటోళ్ళని అడిగి నింపుదామనుకున్నా గాని, వాళ్ళదీ అరువు చెత్తేనంట."

జనం నవ్వారు. రాజు మాత్రం నవ్వలేదు. "చెత్త లేని ఇల్లు ఉంటుందా! మేము నమ్మం!"

అప్పుడు లేచాడు కోనయ్య. ఇతను ఆస్థానంలో మాటకారి. తండ్రి కోట వంటశాలకు పెద్దగా ఉండడంతో, చిన్నప్పుడు, అప్పటి యువరాజు భూపతితో కలిసి ఆడుకుంటూ పెరిగాడు. ఆ చనువుకొద్దీ ఎవరూ అనలేని మాట అనగలడు.

"ప్రభువులు నమ్మకపోవడమే సబబు. ఈ భుజంగరాయుడికి కళ్ళు చాలవు. తమ కంటికి కనపడని చెత్త ఈ భూమ్మీద ఉందా? తమరే వచ్చి చూడండి. ఆ ఇంట్లో పనికిరాని వస్తువు ఒక్కటంటే ఒక్కటి తీసి, తమ చేత్తో బుట్టలో వేయండి చాలు. ముసలమ్మతోపాటు నేనూ మూట నెత్తిన పెట్టుకుని ఊరు దాటిపోతాను."

"వెయ్యలేకపోతే?"

"ఆమె ఇల్లు ఆమెకుంటుంది."

రాజుకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఒక్కటేమిటోయ్, మూడు బుట్టలూ నింపుతాం! పద!"

బుట్టలు పట్టుకుని భటులు ముందు, రాజు మధ్య, ఊరంతా వెనక. గవరమ్మ గుమ్మం రాజు ఎత్తుకు చాలలేదు. ఎప్పుడూ వంగి ఎరగని మనిషి, వంగక తప్పలేదు.

లోపలికి వెళ్ళగానే పొయ్యి పక్కన ఒక చట్టి కనిపించింది. "బూడిద!" అన్నాడు రాజు సంబరంగా.

"అయ్యో, అది పట్టుకుపోకండి దొరా!" అని నలుగురు ఆడవాళ్ళు ఒక్కసారే అరిచారు. "వీధి వీధంతా అంట్లు తోముకునేది దాంతోనే."

రాజు గోడవార చూశాడు. "ఇదిగో, పగిలిన కుండ!"

"అది నిప్పుపెంకు నాయనా. తెల్లారి పొరుగింటికి నిప్పుకెళితే దాంట్లోనే తెచ్చుకుంటా. చేత్తో పట్టుకురాలేను గదా" అంది గవరమ్మ.

రాజుకు కాస్త చురుక్కుమంది. వెతగ్గా వెతగ్గా చేటలో ఆకుపచ్చని తొక్కలు కనిపించాయి. "దొరికింది! బీరకాయ పొట్టు! తడి చెత్త!"

గవరమ్మ మూకుడు తీసి, అప్పుడే నూరిన పచ్చడి ఇంత ఆకులో పెట్టి ఇచ్చింది. రాజు అనుమానంగా నాలిక్కి రాసుకున్నాడు. తర్వాత ముద్దంతా నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత ఆకు నాకుతూ, "ఇది దేనితో చేశావు?" అన్నాడు.

"ఆ పొట్టుతోనే."

"మా వంటశాలలో దీన్నేం చేస్తారు?"

"గంపలకొద్దీ పారబోస్తారు, ప్రభూ. కోట బుట్టల్ని ఎవరూ తనిఖీ చెయ్యరుగా" అన్నాడు కోనయ్య నెమ్మదిగా.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మొహం కందగడ్డ అయింది. ఇప్పుడు పంతం గెలవకపోతే పరువు దక్కేలా లేదు. మూల నులకమంచం మీద ఒక పాత బొంత కనిపించింది. రకరకాల పేలికలు, అతుకు మీద అతుకు.

"అదీ చెత్త అంటే! చిరుగుపాతల కుప్ప! ఎర్రబుట్ట ఇటు తెండి, మా చేత్తోనే వేస్తాం!"

"బాబ్బాబు, దాని మీద బిడ్డ పడుకుంది!" అంది గవరమ్మ కంగారుగా. "పక్కింటి పిల్ల. తల్లి నాట్లకెళ్ళింది. ఈ వీధిలో ఏ ఇంట పురుడొచ్చినా బిడ్డని ముందు ఈ బొంత మీదే పడుకోబెడతారు."

కోనయ్య వెళ్ళి బిడ్డను లాఘవంగా ఎత్తి, తిన్నగా తెచ్చి రాజు చేతుల్లో పెట్టేశాడు. "ఒక్క క్షణం పట్టుకోండి ప్రభూ, బొంత నేను దులుపుతాను." రాజు వద్దనేలోపే బిడ్డ ఆయన చేతుల్లో ఉంది.

కోనయ్య బొంత విప్పి వెలుగులో పరిచి పట్టుకున్నాడు. నడిమధ్యన పసుపుపచ్చని పట్టు ముక్క. దాని మీద అరచేయంత చిలక, ఆకుపచ్చ దారంతో కుట్టింది. చిలక ముక్కు కొంచెం వంకర.

రాజు ఆ చిలక వంక చూస్తూ అలాగే ఉండిపోయాడు.

ఆయనకు ఏడేళ్ళప్పుడు, దీపావళి నాడు, గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగించి, దిబ్బు దిబ్బు దీపావళి అని నేలకు కొడుతుంటే నిప్పు ఎగిరి కొత్త పట్టుచొక్కా మీద పడింది. పెద్ద కన్నం. గుక్కపట్టి ఏడ్చాడు. ఆయన తల్లి రాణిగారు కొట్టలేదు, తిట్టలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ కన్నం మీద చిలకను కుట్టింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆ చొక్కా తప్ప ఇంకోటి వేసుకోనని మారాం చేశాడు.

ఆ తల్లి పోయి ఐదేళ్ళయింది. పాతవి చూస్తే బెంగగా ఉందని, ఆమె గదిలో దాచుకున్న ఆ చొక్కాతో సహా అన్నీ తీసి పారెయ్యమన్నది ఆయనే. నెల తిరక్కుండానే ఆమెది ఒక్క గుడ్డముక్కయినా కావాలని కోటంతా వెతికించాడు. ఏమీ మిగల్లేదు.

"ఇది నీకెక్కడిది?" అన్నాడు రాజు.

"ఊరి బయట గుంటలో దొరికింది నాయనా. ఎవరి చెయ్యో గాని, ఎంతో ప్రేమగా కుట్టిన కుట్టు. పారెయ్యడానికి మనసొప్పలేదు. పిల్లల కిందికైతే బాగుంటుందని నడిమజ్జిన పెట్టా."

కోనయ్య ఎర్రబుట్ట తెచ్చి రాజు ముందు పెట్టాడు. "ఇందులో వేసెయ్యమంటారా, ప్రభూ?"

రాజు చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. సరిగ్గా అప్పుడే ఆయన చేతుల్లోని బిడ్డ హాయిగా ఒళ్ళు విరుచుకుని, జరీ ఉత్తరీయం మీద ధారగా పోసింది.

భుజంగరాయుడు కత్తి మీద చెయ్యి వేశాడు.

కోనయ్య వంగి, ఉత్తరీయాన్ని పరీక్షగా చూసి, "భుజంగరాయా, ఇది తడి చెత్తా, పొడి చెత్తా?" అన్నాడు.

రాజు నవ్వాడు. కళ్ళలో నీళ్ళు అలాగే ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగలేదు. ఆయన నవ్వేసరికి ఊరంతా నవ్వింది.

"ఓడిపోయానోయ్ కోనయ్యా! ఇది ఇక్కడుందని నీకు తెలుసు కదూ?"

"నెల కిందట మా ఆవిడ బొంత కోసం వస్తే తోడొచ్చి చూశాను ప్రభూ. చెబితే భటుణ్ణి పంపి తెప్పించుకునేవారు. బొంత కోటకు చేరేది, ఈ పిల్ల కటిక నులక మీద పడుకునేది. తమరే ఈ గుమ్మం దాటి రావాలని ఆగాను."

"ఆ రోజు నిప్పు ఎగిరింది నీ గోగుకాడ నుంచే కదరా?"

"అవును ప్రభూ. దానికి శిక్ష అమ్మగారు అప్పుడే వేశారు. చిలక పూర్తయ్యేదాకా సూదిలో దారం ఎక్కించింది నేనే."

రాజు అక్కడికక్కడే చెప్పాడు. బుట్టలుంటాయి, కాలువ పారాలి. కానీ ఇక మీదట ఎవరి బుట్టా వీధిలో బోర్లించకూడదు. ఖాళీ బుట్ట నేరం కాదు. కోట వంటశాల పొట్టు పారబొయ్యకుండా చూసే పని భుజంగరాయుడిది. తన మెడలో హారం తీసి కోనయ్యకు వేశాడు. తడిసిన ఉత్తరీయాన్ని ఉతికించి గవరమ్మకు ఇమ్మన్నాడు.

"అవ్వా, బొంత ఇక్కడే ఉండనీ. అప్పుడప్పుడు వచ్చి చూసుకుంటాను" అన్నాడు. "నీకేం కావాలో అడుగు."

"ఇల్లుంది, చాలు నాయనా" అంది గవరమ్మ. కాస్త తటపటాయించి, బొడ్లోంచి సూదీ దారమూ తీసింది. "కళ్ళు ఆనట్లేదు. ఇందులో దారం ఎక్కించి పెట్టు."

రాజు బిడ్డను తిరిగి చిలక మీద పడుకోబెట్టి, నేల మీద కూర్చున్నాడు. దారం కొస నోట్లో తడిచేసుకుని గురిచూశాడు. తప్పింది. ఇంకోసారి చూశాడు. మళ్ళీ తప్పింది. కోనయ్య చెయ్యి చాచాడు.

"నువ్వాగరా" అన్నాడు రాజు, సూది మీంచి కళ్ళు తిప్పకుండా. "అప్పుడు నీ వంతయింది. ఇది నా వంతు."