మడపల్లి గుడ్డ

శఠకోపాచార్యులవారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. అది ఆయన అలవాటు. వైరాగ్యం ఎలా కలుగుతుందని అడిగినవాడిని గుడి వెనకాల పేరుకుపోయిన అరటాకులు ఎత్తిపొయ్యమన్నారు. కోపం తగ్గే దారి అడిగినవాడికి చిక్కుపడ్డ తులసిపూసల మాల ఒకటి చేతికిచ్చి, విడదీసుకుని రమ్మన్నారు. కోనసీమలో ఏటిగట్టు పక్కనున్న ఆ వేణుగోపాలస్వామి గుడిలో ఆయన దగ్గర ఆళ్వార్ల ప్రబంధం చెప్పుకున్నవాళ్ళు పదిహేనుమంది దాకా ఉంటారు. ఆ పనుల రుచి అందరికీ తెలుసు. అందుకని ఆయన్ని ఒక ప్రశ్న అడగాలంటే ఎంతటివాడైనా కాస్త వెనకాముందూ చూసుకుంటాడు. ముకుందం మాత్రం ఆ రోజు చూసుకోలేదు. చూసుకునే స్థితిలో లేడు.

ముకుందం అంటే ఆ గుడి మడపల్లిలో, అంటే దేవుడి వంటింట్లో, ముప్ఫై ఏళ్ళుగా వంట చేస్తున్నవాడు. నలభై అయిదు నిండినా పెళ్ళి కాలేదు. గుడి వంటవాడికి పిల్లనిచ్చేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు లెండి. అన్న రామానుజం, వదిన చూడమ్మ, వాళ్ళతోనే ఇతడి బతుకు. వాళ్ళకి పిల్లలు లేరు, ఇతడే పిల్లవాడు. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, కొత్తగా కాపురానికొచ్చిన ఆ వదినే ఇతడికి తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది. కరోనా రెండోసారి వచ్చి ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చుకుపోయిన ఆ వైశాఖంలో చూడమ్మ పోయింది. పట్నంలో ఓ ఆసుపత్రి వరండాలో, లోపల మంచం ఖాళీ అయ్యేలోపే పోయింది. ముఖం కూడా చూడనివ్వకుండా మూట కట్టి తీసుకుపోయారు.

అది జరిగి నలభై రోజులు కావస్తోంది. మైల తీరింది, ఒంట్లో జబ్బూ తీరింది, ముకుందం మళ్ళీ మడపల్లిలోకి వచ్చాడు. ఇంటికి మాత్రం వెళ్ళలేదు. అన్నకీ జ్వరం వచ్చి, ఎలాగో గట్టెక్కి, ఆ ఇంట్లో ఒక్కడే పడి ఉన్నాడు. ముకుందం పూటపూటా ప్రసాదం క్యారేజీ తీసుకెళ్ళి అరుగు మీద పెట్టి, తలుపు రెండుసార్లు తట్టి, లోపల గొళ్ళెం చప్పుడయ్యేలోపే వెనక్కి వచ్చేసేవాడు. ఏటిగట్టున కర్మ జరిగిన రోజు కూడా, నీరసమని వంక పెట్టి దూరంగా కూర్చుని, అన్న ముఖంలోకి చూడకుండానే లేచాడు. పాపం, వదిన లేని ఇల్లు చూడలేకపోతున్నాడు అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. అందులో నిజం లేకపోలేదు గానీ, అసలు సంగతి వేరే ఉంది.

తళిగ, అంటే స్వామికి పెట్టే అన్నం, దించిన తర్వాత అతడికి మిగిలిన సమయమంతా వాదనలకే పోయేది. ఒక సంచీ నిండా పేపరు ముక్కలు, ఫోను నిండా ఎక్కడెక్కడి డాక్టర్ల మాటలూ పోగేశాడు. మాస్కు వల్ల ఏ ఉపయోగమూ లేదన్నది అతడి వాదన. గుడి ఎదుట మందుల కొట్టు సూర్యారావు ఓపిగ్గా వినేవాడు. “గుడ్డలో కన్నం ఎంత, ఆ పురుగు ఎంత, మీరే చెప్పండి. కట్టుకున్నవాళ్ళు పోలేదా? కట్టుకోనివాళ్ళు బతకలేదా?” అని ముకుందం నిలదీసేవాడు. సూర్యారావు తల గోక్కుని, “నిజమేనండీ, పూర్తిగా ఆపదు. కానీ కొంతైనా ఆపుతుంది కదండీ” అనేవాడు. ఆ ‘కొంత’ దగ్గరే ముకుందానికి ఒళ్ళు మండేది. “ఎంతండీ కొంతంటే? ఎంతో చెప్పండి” అని గొంతు పెంచేవాడు. కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు మందులు తీసుకుని మెల్లగా జారుకునేవారు. వంటలు చేసుకునేవాడికి ఈ గొడవంతా ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

ఎందుకో నేను చెబుతాను. వైశాఖం మొదట్లో ఒక మధ్యాహ్నం ముకుందం ఇంటికొచ్చి వంటింట్లో పీట మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. వదిన పొయ్యి మీద పప్పు పడేసి, “కాస్త చూస్తుండరా, పెరట్లో వడియాలు తీసుకొస్తాను” అని వెళ్ళింది. పప్పు అతడికి మూరెడు దూరంలో అడుగంటి మాడిపోయింది. అతడు కదల్లేదు. చూడమ్మ పరుగున వచ్చి గిన్నె దించి, “ముక్కు గుళ్ళో వదిలేసి వచ్చావట్రా? వాసన చూడకూడదన్నది పెరుమాళ్ళ వంటకి గానీ, నా వంటకి కాదు” అని నవ్వింది. అతడూ నవ్వాడు. ఆ గుడి ఆచారం అలాంటిది మరి. స్వామి ఆరగించకముందు ఆ అన్నం వాసన ఇంకెవరూ చూడకూడదు, వండేవాడి ఊపిరి తగిలినా ఎంగిలే. అందుకని మడపల్లిలో అడుగుపెట్టేముందే ముక్కూ నోరూ మూసేలా మడిగుడ్డ కట్టుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా, ఎదురుగా ఉడుకుతున్నదాని వాసన పట్టించుకోకూడదని తన ముక్కుకి తనే నేర్పుకున్నవాడు ముకుందం. మూడు రోజులుగా ఏ వాసనా రావడంలేదన్న సంగతి అప్పటిదాకా అతడికి తట్టనే లేదు. గుబులు పుట్టి, గుడికి వెళ్ళి పచ్చకర్పూరం డబ్బా మూత తీసి ముక్కుకి ఆనించుకున్నాడు. సుద్దముక్క వాసన చూసినట్టుంది.

ఆ గుర్తేమిటో అప్పటికి ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ముకుందానికీ తెలుసు. కానీ పైకి చెబితే గుడికి తాళం వేస్తారు. తన తాతలనాటి నుంచి ఒక్క పూట తప్పని నైవేద్యం తన చేతుల్లో ఆగిపోతుంది. అతడు నోరు విప్పలేదు. మడపల్లిలో మాత్రం ఆ రోజు నుంచి గుడ్డ నాలుగు మడతలు వేసి కట్టాడు, తన ఊపిరి స్వామి అన్నానికి తగలకూడదని. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడూ తువ్వాలు ముక్కుకి చుట్టుకునే వెళ్ళాడు. గడప దాటగానే వదిన, “ఏవిట్రా ఆ వేషం? ఒంట్లో బాగాలేదా?” అంది. కట్టుకుంటే కారణం చెప్పాలి. “ఎండ వదినా” అని తువ్వాలు తీసి చిలక్కొయ్యకి తగిలించాడు. మర్నాడూ, ఆ మర్నాడూ తీసేసే ఉంచాడు. ఆమె కొసరి కొసరి వడ్డించింది, ఇతడు ఎదురుగా కూర్చుని తిన్నాడు, కబుర్లు చెప్పాడు. అయిదో రోజున చూడమ్మకి ఆయాసం మొదలైంది.

గుడికి తాళమూ పడలేదు, నైవేద్యమూ ఆగలేదు. ముకుందం లేని ఆ రోజులన్నీ అర్చకుడే గుప్పెడు బియ్యం ఉడికించి పెరుగు కలిపి పెట్టాడు. పెరుమాళ్ళు దాంతోనే సరిపెట్టుకున్నాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ముకుందం సంచీలోంచి ఇంకో కాగితం తీసి చదువుకునేవాడు. అందుకే మాస్కు ఉత్తదే అని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. ఉత్తదే అయితే తువ్వాలు తీయడం పాపం కాదు, అన్న ముందు నిలబడవచ్చు, ఆ ఇంట్లోకి వెళ్ళవచ్చు. సంచీ నిండా ఎన్ని కాగితాలున్నా ధైర్యం చాలలేదు. ఆచార్యులవారి నోటి నుంచి ఆ ఒక్క మాట వస్తే చాలనుకున్నాడు.

ఆ రోజు పొద్దున్న పది గంటలవేళ ఆచార్యులవారు కర్ర ఊతంతో వచ్చి మడపల్లి గడప బయట కూర్చున్నారు. లోపల కట్టుపొంగలి ఉడికి ఉంది. నెయ్యి కాగుతోంది. ముకుందం గరిటె పక్కన పెట్టి, గుడ్డ కట్టిన మూతితోనే, “స్వామీ, దాసుడికో సందేహం. మాస్కు కట్టుకుంటే జబ్బు ఆగుతుందా, ఆగదా? ఊరంతా తలో మాటా అంటున్నారు. తమరు ఒక్క మాట సెలవిస్తే దాసుడు ఇంక వాదించడు” అన్నాడు.

“నువ్వేమంటావు?”

“ఆపదంటాను స్వామీ. అన్నీ చదివాను.”

ఆచార్యులవారు కర్రతో తళిగ వైపు చూపించారు. “అయితే ఇవాళ ఆ గుడ్డ తీసేసి తళిగలో పోపు వెయ్యి” అన్నారు.

ముకుందం ఆయన పరాచికమాడుతున్నారనుకున్నాడు. ఆయన ముఖంలో పరాచికం కనపడలేదు. దోషమేమైనా ఉంటే అది తన తల మీద వేసుకుంటానని ఆయనే అన్నారు. గురువు మాట కాదనలేక ముకుందం ముడి విప్పి గుడ్డ మొలలో దోపుకున్నాడు. నేతిలో మిరియాలు, జీలకర్ర చిటపటలాడాయి. మూకుడు దించి తళిగ మీదికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. పెదవులు బిగించాడు, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మెడ నరాలు పొంగాయి. చేతిలో మూకుడు ఒరిగి, నెయ్యి పొయ్యిగట్టు మీద ఒలికింది.

“ఊపిరి ఎందుకు బిగబట్టావు?” అన్నారు ఆచార్యులవారు.

ముకుందం మూకుడు కింద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడు గాలి పీల్చుకున్నాడు. “స్వామి తళిగ స్వామీ. నా ఊపిరి తగిలితే…”

“గుడ్డ ఆపదన్నావుగా.”

“ఆపకపోయినా… ఆపకపోయినా కట్టుకోకుండా ఎలా స్వామీ, ఎదురుగా…”

ఆ మాట అతడి నోట్లోంచి వచ్చాక అతడి చెవిన పడింది. ఎదురుగా ఉన్నది అన్నపు గిన్నె. ఆ రోజు ఎదురుగా కూర్చున్నది వదిన. ముకుందం పొయ్యి పక్కనే గచ్చు మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. నలభై రోజుల్లో అతడు ఏడవడం అదే మొదలు. ఏడుస్తూనే పచ్చకర్పూరం సంగతి చెప్పాడు, తువ్వాలు సంగతి చెప్పాడు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇన్నాళ్ళూ మోసిన సంగతి నాలుగు మాటల్లో అయిపోయింది.

ఆచార్యులవారు ఓదార్చలేదు, తిట్టలేదు. ఆయన కూడా చూడమ్మ చేతి అన్నం తిన్నవారే.

“ఒక్కటి చెప్పండి స్వామీ” అన్నాడు ముకుందం చివరికి. “కట్టుకుని ఉంటే బతికేదా?”

“తెలియదు.”

“ఎవరికైనా తెలుస్తుందా?”

“తెలియదు నాయనా. నువ్వెన్ని కాగితాలు పోగేసినా నీకూ తెలియదు.”

బతికేది అంటే ఆ పాపం నెత్తిన పెట్టుకుని ఏట్లో దూకవచ్చు. బతికేది కాదు అంటే తలెత్తుకుని ఇంటికి వెళ్ళవచ్చు. రెండు దారులూ మూసుకుపోయాయి. ఇంక బతికినన్నాళ్ళూ ఈ తెలియకపోవడంతోనే బతకాలని ముకుందానికి అప్పుడు అర్థమైంది.

ఆచార్యులవారు కర్ర గోడకి ఆనించి లేచారు. కాళ్ళు కడుక్కుని గడప దాటి లోపలికి వచ్చారు. దండెం మీదున్న మరో మడిగుడ్డ తీసుకుని దులిపి, డెబ్బయ్ ఎనిమిదేళ్ళ ఆ చేతులతో ముక్కుకి అడ్డంగా పెట్టుకున్నారు. పోపు తాను పెడతానని సైగ చేసి, “ఇంట్లో మీ అన్న ఒక్కడే ఉన్నాడా?” అని అడిగారు.

“ఒక్కడే స్వామీ.”

“వెళ్ళు.”

ముకుందం లేచాడు. అలవాటు కొద్దీ గోడకున్న సంచీ వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. గడప దాకా వెళ్ళి నిలబడిపోయాడు. బయట ఎండ మండిపోతోంది. ఇల్లు నాలుగు గుమ్మాల అవతలే. “అన్నయ్య అడుగుతాడు స్వామీ” అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. “ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు.”

ఆచార్యులవారు మెడ వెనక్కి చేతులు పెట్టి గుడ్డ ముడి బిగించుకున్నారు. తళిగ మీదికి వంగుతూ అన్నారు:

“అడిగేదాకా ఉండకు.”